తరగతి మొత్తం మీద పిల్లల నిమగ్నతను, ప్రవర్తనను కొలిచే పద్ధతి ఏది?

జడ్పీ_గణితం

సభ్యులందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి గణితం బోధిస్తాను. సెక్షన్‌లో 40 మంది పిల్లలున్నారు. ఈ ఏడాది గణితం, సైన్సు చెప్పే ఉపాధ్యాయులం ఒకరి తరగతిలో మరొకరం వెనుక బెంచీలో కూర్చుని పాఠం చూడాలని నిర్ణయించుకున్నాం. మా దగ్గరున్న పరిశీలన పత్రంలో "విద్యార్థుల భాగస్వామ్యం" అనే గడి ఒకటి ఉంది. బాగుంది, పరవాలేదు, మెరుగుపడాలి అనే మూడింటిలో ఒకదానికి అక్కడ టిక్కు పెట్టాలి. ఆ టిక్కు దేన్ని చూసి పెడుతున్నామని ఆలోచిస్తే, ముందు బెంచీల్లో కూర్చుని వెంటవెంటనే జవాబులు చెప్పే ఏడెనిమిది మందిని చూసి పెడుతున్నామనిపిస్తోంది. గోడవైపు మూడో వరుసలో నోటు పుస్తకమే తెరవని పిల్ల ఆ గడిలో ఎక్కడా కనిపించదు.

నాకు కావలసింది ఏ ఒక్క పిల్లవాడి గురించిన నివేదికా కాదు. 45 నిమిషాల పీరియడ్‌లో తరగతి మొత్తంగా ఎంతసేపు పనిలో ఉంది, ఏ దశలో చెదిరిపోతోంది, నేను బోధన మార్చినప్పుడు ఆ లెక్క మారుతోందా లేదా అన్నది తెలియాలి. మా బడిలో తరగతి గదిలోకి ఫోను తీసుకువెళ్లం కాబట్టి కాగితంతో, గోడ గడియారంతో సాగే పద్ధతి అయితే మేలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ప్రవర్తన_విశ్లేషణ

మాస్టారూ, నేను హైదరాబాద్‌లో పిల్లల ప్రవర్తన విశ్లేషణ రంగంలో పనిచేస్తున్నాను. మీ ప్రశ్నకు మంచి సమాధానాలే ఉన్నాయి గాని, వాటిలో ఒకదాన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది పడే చిక్కు గురించి ముందు చెబుతాను.

పీరియడ్‌ను 30 సెకన్ల ముక్కలుగా విభజించామనుకోండి. ఒక్కో ముక్కను విరామం అంటారు. ఆ ముక్కలో ప్రవర్తన ఒక్క క్షణం కనిపించినా గుర్తు పెట్టడం పాక్షిక విరామ పద్ధతి. ముక్క మొదటి నుంచి చివరి దాకా కొనసాగితేనే గుర్తు పెట్టడం పూర్ణ విరామ పద్ధతి. ముక్క ముగిసే క్షణంలో మాత్రమే తలెత్తి చూసి, అప్పుడు కనబడినదాన్ని రాయడం క్షణ నమూనా పద్ధతి. మొదటిది ప్రవర్తన సాగిన కాలాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతుంది, రెండోది తక్కువ చేసి చూపుతుంది. మూడోదానిలో తేడా ఏదో ఒక వైపుకే మొగ్గదు కాబట్టి, తగినన్ని సార్లు చూస్తే వచ్చే లెక్క అసలు కాలానికి దగ్గరగా ఉంటుంది.

తరగతి మొత్తాన్ని చూసేటప్పుడు ఈ భేదం చాలా పెద్దదవుతుంది. మీ 40 మందిలో ప్రతి ఒక్కరూ కాలంలో 5 శాతం మాత్రమే పక్కదారి పడతారనీ, ఒకరి ప్రభావం మరొకరి మీద లేదనీ అనుకుందాం. అది చాలా చక్కని తరగతి. అయినా, ఏ క్షణంలో చూసినా కనీసం ఒక్కరైనా పనిలో లేకుండా ఉండే అవకాశం దాదాపు 87 శాతం. "తరగతిలో ఎవరైనా అల్లరి చేశారా" అన్న ప్రశ్నకు అవును, కాదు అని గుర్తు పెట్టుకుంటూ పోతే ఆ చక్కని తరగతి కూడా అదుపు తప్పిన తరగతిలా కాగితం మీద కనిపిస్తుంది.

ఈ రంగంలో అందరూ ఉదాహరించే 1969 నాటి ప్రయోగాన్ని కూడా ఈ దృష్టితోనే చదవాలి. బారిష్, సాండర్స్, వుల్ఫ్ అనే పరిశోధకులు అమెరికాలోని ఒక నాలుగో తరగతిని రెండు జట్లుగా విడదీసి, నియమం తప్పిన జట్టుకు గుర్తు వేసే ఆట ఆడించారు. "సత్ప్రవర్తన ఆట"గా అది పేరుపొందింది. ఆటకు ముందు అనుమతి లేకుండా మాట్లాడటం సుమారు 96 శాతం విరామాల్లో, చోటు వదిలి లేవడం 82 శాతం విరామాల్లో నమోదైంది. ఆట మొదలయ్యాక అవి 19కి, 9కి తగ్గాయి. 96 శాతం పిల్లలు మాట్లాడారని దాని అర్థం కాదు. అంత శాతం విరామాల్లో ఎవరో ఒకరి గొంతు వినిపించిందని మాత్రమే అర్థం. వారు మార్చదలచింది తరగతిలోని మొత్తం గొడవను కాబట్టి ఆ కొలత వారికి సరిపోయింది. పనిలో ఉన్న పిల్లల నిష్పత్తి కావాలంటున్న మీకు అది సరిపోదు.

మీకు తగినది తలల లెక్క. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో టాడ్ రిజ్లీ, ఆయన సహచరులు 1970ల మొదట్లో శిశు సంరక్షణ కేంద్రాల కోసం దీన్ని రూపొందించారు. నిర్ణయించుకున్న క్షణం రాగానే గదిలో ఎంతమంది ఉన్నారో, వారిలో ఎంతమంది అప్పుడు జరగవలసిన పనిలో ఉన్నారో లెక్కించి, రెండో సంఖ్యను మొదటిదానితో భాగిస్తారు. గడియారంలో ప్రతి 4 నిమిషాలకు ఒకసారి చూస్తే పీరియడ్‌కు పది, పదకొండు లెక్కలు వస్తాయి. పనిలో ఉన్నవారికంటే లేనివారు సాధారణంగా తక్కువ కాబట్టి, ఎడమ నుంచి కుడికి చూపు తిప్పుతూ లేనివారిని లెక్కించి హాజరులోంచి తీసివేయడం సులువు. ప్రతి లెక్క పక్కనా ఆ క్షణంలో ఉపాధ్యాయుడు ఏం చేయిస్తున్నారో రాయాలి. వివరణ, నల్లబల్ల నుంచి రాసుకోవడం, సొంతంగా లెక్క చేయడం, జట్టు పని, పుస్తకాలు దిద్దడం వంటి నాలుగైదు మాటలు చాలు. ఆ మాట లేకుండా శాతం ఒక్కటే రాసుకుంటే దానితో చేయగలిగింది ఏమీ ఉండదు.

బీఎడ్_అధ్యాపకుడు

పై వివరణకు కృతజ్ఞతలు. మన రాష్ట్రాల్లో బీఎడ్ చదివినవారందరికీ ఫ్లాండర్స్ పరస్పర చర్యల విశ్లేషణ గుర్తుండే ఉంటుంది. తరగతి పరిశీలన అనగానే మొదట దాన్నే తలచుకుంటారు కాబట్టి, అది ఈ అవసరానికి ఎందుకు చాలదో చెప్పడం మంచిది. ఫ్లాండర్స్ పద్ధతిలో ప్రతి 3 సెకన్లకు ఒక అంకె చొప్పున నిమిషానికి 20 అంకెలు నమోదు చేస్తాం. ఉన్న పది వర్గాల్లో ఏడు ఉపాధ్యాయుడి మాటలకు, రెండు విద్యార్థుల మాటలకు చెందుతాయి. పదోది నిశ్శబ్దం లేదా గందరగోళం. అంటే 40 మంది పిల్లలు తలలు వంచి శ్రద్ధగా వర్గమూలాలు కనుక్కుంటున్న పది నిమిషాలూ, తరగతి చెల్లాచెదురైపోయిన పది నిమిషాలూ ఆ అంకెల పట్టికలో ఒకే గడిలో పడతాయి. ఉపాధ్యాయుడు ఎంత మాట్లాడుతున్నారో తెలుసుకోవడానికి అది నేటికీ చక్కని సాధనమే. మాట్లాడని పిల్లలు ఏం చేస్తున్నారో మాత్రం అది చెప్పలేదు.

తలల లెక్కకు దగ్గరగా ఉండే మరో సాధనం జేన్ స్టాలింగ్స్ రూపొందించిన తరగతి చిత్రణ. పీరియడ్‌లో సమాన దూరంలో 10 సార్లు గదిని చుట్టి చూసి, ఉపాధ్యాయుడు ఏ పనిలో ఉన్నారో, ఏ సామగ్రి వాడుతున్నారో, ఆ పనిలో ఒక్క విద్యార్థి ఉన్నాడా, చిన్న గుంపు ఉందా, పెద్ద గుంపు ఉందా, తరగతి అంతా ఉందా అన్నది గుర్తిస్తారు. పీరియడ్‌లో 85 శాతం కాలం బోధనకు దక్కాలన్నది దానితో ముడిపడిన ప్రమాణం. ప్రపంచ బ్యాంకు దీనితో లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతంలోని 7 దేశాల్లో 15 వేలకు పైగా తరగతులను పరిశీలించి 2014లో ఫలితాలు వెలువరించింది. ఏ దేశంలోనూ సగటు 65 శాతం దాటలేదు. తర్వాత అదే బ్యాంకు రూపొందించిన టీచ్ అనే తరగతి పరిశీలన పరికరం ఆంధ్రప్రదేశ్‌లో సాల్ట్ కార్యక్రమం ద్వారా చాలామంది ఉపాధ్యాయులకు పరిచయమైంది. అందులో 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు చూస్తారు. ఒక్కో భాగంలో మూడుసార్లు చూపు తిప్పి, పనిలో లేని పిల్లలెందరో గమనిస్తారు. దానిలో మిగిలిన అంశాలకు స్కోరు ఇవ్వాలంటే శిక్షణ, అర్హత పరీక్ష అవసరం. ఈ చూపు తిప్పే భాగం మాత్రం ఎవరైనా సాధన చేయగలిగినది.

ఐదు_తరగతులు_ఒక్క_టీచరు

మీరు చెబుతున్నదంతా వెనుక బెంచీలో కూర్చోవడానికి మరొకరు ఉన్న బడికి వర్తిస్తుంది. నాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులనూ నేనొక్కతెనే చూస్తాను. ఒకటి, రెండు తరగతులకు అక్షరాలు దిద్దిస్తున్నప్పుడు నాలుగు, ఐదు తరగతులు భాగహారాలు చేస్తుంటాయి. మూడో తరగతి చాలాసార్లు నా వైపు చూస్తూ కూర్చుంటుంది. నేనే బోధిస్తూ నేనే లెక్కించడం సాధ్యమేనా?

ప్రవర్తన_విశ్లేషణ

సాధ్యమే, మేడమ్. పైగా తలల లెక్క పుట్టిందే మీలాంటి పరిస్థితి కోసం. ఆ శిశు సంరక్షణ కేంద్రాల్లోనూ పిల్లలు ఒకే గదిలో వేర్వేరు చోట్ల వేర్వేరు పనులు చేస్తుండేవారు. మీరు గదిని గుంపులుగా చూసుకోండి. మధ్యాహ్న భోజనానికి ముందు మూడుసార్లు, తర్వాత మూడుసార్లు చాలు. ఆ క్షణం వచ్చినప్పుడు ఒక్కో గుంపులో పనిలో ఎంతమంది, మొత్తం ఎంతమంది అన్నది సుద్దతో నల్లబల్ల మూలన రాసుకోండి. చూడవలసిన సమయాలను పొద్దునే నిర్ణయించుకోవాలి. గది గోల పెరిగినప్పుడు తలెత్తి చూసి దాన్నే లెక్కగా రాసుకుంటే, గోల ఉన్న క్షణాలే నమూనాలోకి వస్తాయి.

మీ మూడో తరగతి గురించి మీరు రాసిన వాక్యం నన్ను ఆపింది. వారికి ఆ క్షణంలో చేయవలసిన పని ఇవ్వలేదంటే, వారు పనిలో లేరని రాయకూడదు. "పని లేదు" అని విడిగా రాయాలి. అది పిల్లల ప్రవర్తన కాదు, ఒక్క ఉపాధ్యాయురాలికి ఐదు తరగతులు అప్పగించిన ఏర్పాటు. ఆ గడి తరచూ నిండుతుంటే, అది మీ స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయుల) సమావేశంలో పెట్టవలసిన కాగితం.

డల్లాస్_ప్రత్యేక_విద్య

నేను డల్లాస్ దగ్గర ప్రభుత్వ బడిలో ప్రత్యేక విద్య ఉపాధ్యాయురాలిని. ఇక్కడ ఒక పిల్లవాడికి ప్రత్యేక సాయం అవసరమా అని నిర్ణయించేటప్పుడు ఎడ్వర్డ్ షపీరో రూపొందించిన బాస్ అనే పరిశీలన పత్రం వాడతాం. 15 సెకన్ల విరామాల్లో ఆ పిల్లవాడిని చూస్తూ, ప్రతి ఐదో విరామంలో అదే తరగతిలోని మరో పిల్లవాడిని చూస్తాం. తరగతి అంతా సగం కాలం పక్కచూపులు చూస్తున్నప్పుడు ఒక్క పిల్లవాడు సగం కాలం పక్కచూపులు చూడటాన్ని అతడి లోపంగా రాయడం అన్యాయమన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

మాస్టారికి ఆ పత్రంలో పనికివచ్చే విషయం ఒకటుంది. నిమగ్నతను అది రెండుగా విడదీస్తుంది. రాయడం, జవాబు చెప్పడం, చెయ్యెత్తడం, పైకి చదవడం క్రియాశీల నిమగ్నత. వినడం, బల్ల వైపు చూడటం, మౌనంగా చదవడం నిష్క్రియ నిమగ్నత. మన తరగతుల్లో రెండోది చాలా ఎక్కువగా ఉంటుంది. రెండింటినీ ఒకే గడిలో కలిపేస్తే 45 నిమిషాలూ కదలకుండా కూర్చోబెట్టిన తరగతికి అందరికంటే మంచి మార్కు పడుతుంది. నాకు ఇది చిన్న విషయంగా తోచదు. కదలని పిల్లలే మంచి పిల్లలని నమ్మిన తరగతి గదుల్లో మనలో చాలామందిమి పెరిగాం. కొలత కూడా ఆ నమ్మకాన్నే నిలబెడితే దాని వల్ల పిల్లలకు ఒరిగేది లేదు.

బోధిస్తూనే కొలవవలసిన వారికి నేరుగా విలువ కట్టే పద్ధతి కూడా ఉంది. పీరియడ్ ముగిసిన వెంటనే తరగతి నిమగ్నతకు 0 నుంచి 10 దాకా ఒక అంకె వేస్తారు. రెండు నిమిషాలు కూడా పట్టదు. అయితే సాయంత్రం దాకా ఆగి వేస్తే చివరి పీరియడ్ గొడవ రోజంతటి మీదా నీడ వేస్తుంది.

గణాంకాల_మనిషి

రెండు లెక్కలు జోడిస్తాను.

మొదటిది, అందరినీ ఒక్క చూపులో లెక్కించడం కష్టమనిపిస్తే పిల్లలను వరుసగా చూడవచ్చు. ఒక్కొక్కరికి 10 సెకన్లు కేటాయించి, ఆ 10 సెకన్ల చివర ఆ పిల్ల పనిలో ఉందా లేదా రాసి పక్కవారి దగ్గరికి వెళ్లాలి. 40 మందికి ఒక చుట్టు 6 నిమిషాల 40 సెకన్లు. పీరియడ్‌లో ఆరు చుట్లు పూర్తవుతాయి. తరగతికి 240 గుర్తులు వస్తాయి కాబట్టి తరగతి సగటు బాగా నిలుస్తుంది. ఒక్కో పిల్లకు మాత్రం ఆరే గుర్తులు. ఒక్క చూపు అటూ ఇటూ అయితే ఆ పిల్ల శాతం 17 మారిపోతుంది. అందువల్ల ఈ కాగితం చూసి పిల్లలకు ర్యాంకులు ఇవ్వడం, తల్లిదండ్రుల సమావేశంలో "మీ వాడు 50 శాతమే" అనడం పూర్తిగా తప్పు. కాగితం మీద పేర్లే రాయకపోవడం ఇంకా మంచిది. వరుస సంఖ్య, బెంచీ సంఖ్య చాలు.

రెండోది, ఒకే తరగతిని చూసిన ఇద్దరు పరిశీలకుల గుర్తులు ఎంతవరకు కలుస్తాయన్న పొందిక గురించి. సాధారణంగా 80 శాతం పొందిక ఉంటే చాలునంటారు. ఆ మాటను గుడ్డిగా నమ్మవద్దు. ఇద్దరు 100 చూపులు చూశారు, ఇద్దరూ 90 సార్లు "పనిలో ఉన్నారు" అనీ, 10 సార్లు "లేరు" అనీ రాశారు, 90 చోట్ల ఇద్దరి గుర్తులూ కలిశాయి అనుకోండి. చూడకుండా అదే దామాషాలో గుర్తులు పెట్టినా 82 చోట్ల కలుస్తాయి. కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా సూత్రం ప్రకారం ఆ యాదృచ్ఛిక పొందికను తీసివేస్తే మిగిలేది 0.44 మాత్రమే. ఇంకా సూటిగా చెప్పాలంటే, కనీసం ఒకరైనా "లేరు" అని రాసిన చూపులు 15 ఉంటే, ఇద్దరూ ఒప్పుకున్నవి 5. అంటే మీకు అసలు ముఖ్యమైన క్షణాల విషయంలోనే ఇద్దరూ మూడింట రెండు వంతులు విభేదిస్తున్నారు. అలాంటప్పుడు నిర్వచనాలు తిరగరాసుకోవాలి.

ఒక_తండ్రి

నేను ఉపాధ్యాయుణ్ణి కాను. మా అమ్మాయి చదివే ప్రైవేటు బడిలో, పిల్లల ముఖాలు చూసి శ్రద్ధను లెక్కగట్టే కెమెరాలు పెట్టించే ఆలోచన ఉందని సమావేశంలో చెప్పారు. మనిషి వెనుక కూర్చుని లెక్కించే బదులు యంత్రం లెక్కిస్తే తప్పేమిటని అక్కడ కొందరు అడిగారు. మీ అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

బీఎడ్_అధ్యాపకుడు

ఇది కొత్త ఆలోచన కాదండీ. 2018లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో ఒక పాఠశాల ప్రతి 30 సెకన్లకు పిల్లల ముఖాలను పరిశీలించే వ్యవస్థను పెట్టగా ఆ దేశంలోనే తీవ్ర చర్చ జరిగింది. ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం, వైద్య, భద్రతా కారణాలకు తప్ప, విద్యాసంస్థల్లో మనుషుల భావోద్వేగాలను ఊహించే వ్యవస్థలను నిషేధించింది. ఆ నిషేధం 2025 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 9వ సెక్షన్, 18 ఏళ్ల లోపు వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది, పిల్లల ప్రవర్తన మీద నిఘాను వద్దంటుంది. విద్యాసంస్థలకు నిబంధనల్లో కొంత మినహాయింపు ఉన్నా, అది విద్యా కార్యకలాపాలకూ పిల్లల భద్రతకూ పరిమితమైనది. కాబట్టి ఏ అవసరానికి, ఏ డేటా, ఎంతకాలం అని మీరు లిఖితపూర్వకంగా అడగవచ్చు, అడగాలి కూడా.

చట్టాన్ని పక్కన పెట్టినా, అసలు అభ్యంతరం నిలిచే ఉంటుంది. ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ 2004లో రాసిన సమీక్షలో నిమగ్నతకు ప్రవర్తన, భావోద్వేగం, ఆలోచన అనే మూడు పార్శ్వాలున్నాయన్నారు. కంటితో చూసేదేదైనా, అది మనిషి కన్నయినా కెమెరా అయినా, మొదటిదాన్నే పట్టుకుంటుంది. కిటికీలోంచి చూస్తున్న పిల్ల లెక్కను మనసులో చేస్తూ ఉండవచ్చు. బల్ల వైపు కళ్లు నిలిపిన పిల్లవాడు ఎక్కడో ఉండవచ్చు. వెనుక బెంచీలో కూర్చున్న సాటి ఉపాధ్యాయుడికి ఈ సంగతి తెలుసు, పిల్ల ఎవరో కూడా తెలుసు. యంత్రం ఇచ్చే శాతానికి ఆ వివేకం ఉండదు.

ఆలోచనను కొలవాలంటే మన బడుల్లో ఎప్పటినుంచో ఉన్న వస్తువు చాలు, అది పలక. ప్రశ్న అడిగి, అందరూ పలక మీద జవాబు రాసి ఒకేసారి పైకెత్తాలని చెబితే, 40 మంది జవాబులు ఐదారు క్షణాల్లో ఉపాధ్యాయుడి కళ్ల ముందు ఉంటాయి. ఎత్తిన పలకలెన్ని, వాటిలో సరైనవెన్ని అని రెండు సంఖ్యలు రాసుకుంటే, ఎందరు ప్రయత్నించారో, ఎందరికి అందిందో రెండూ తెలుస్తాయి. చెయ్యెత్తిన వారిలో ఒకరిని లేపి అడిగే పద్ధతిలో మిగిలిన 39 మంది గురించి మనకేమీ తెలియదు.

జడ్పీ_గణితం

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ సలహాల నుంచి మేము అనుకున్నది ఇది. పీరియడ్ మొదలైన 4వ నిమిషం నుంచి ప్రతి 4 నిమిషాలకు ఒకసారి తలల లెక్క తీస్తాం. క్రియాశీలం, నిష్క్రియం, పనిలో లేరు, పని ఇవ్వలేదు అనే నాలుగు గడులుంటాయి. పక్కన కృత్యం పేరు ఉంటుంది. పిల్లల పేర్లు ఉండవు. పీరియడ్‌లో రెండుసార్లు పలకల లెక్క ఉంటుంది. కాగితం ఆ పీరియడ్ బోధించిన ఉపాధ్యాయుడి దగ్గరే ఉంటుంది, ఏ ఫైలులోకీ వెళ్లదు. బోధనలో మార్పు చేసే ముందు కొన్ని పీరియడ్లు యథాతథంగా చూడాలన్నది మా ప్రధానోపాధ్యాయుల సూచన.

ఒక సందేహం మిగిలింది. ఎక్కాలు, సూత్రాలు తరగతి అంతా కలిసి గట్టిగా చెప్పేటప్పుడు కొందరు పెదవులు మాత్రమే కదుపుతారు. వారిని ఏ గడిలో వేయాలి?

ప్రవర్తన_విశ్లేషణ

పెదవులు కదిలితే క్రియాశీలం అని వేయండి. అనుమానించి మార్చవద్దు. మనకు కనిపించినదాన్ని రాయాలి, వారి మనసులో ఉందని మనం ఊహించినదాన్ని కాదు. అయితే ఆ నియమాన్ని పత్రం మీదే రాసి ఉంచండి, రేపు మీ చోట సైన్సు మాస్టారు కూర్చున్నా అలాగే వేయాలి కదా. ఆ కృత్యం ముగిసిన వెంటనే ఒక పలక ప్రశ్న వేస్తే, చెప్పినవారెవరో పెదవులు కదిపినవారెవరో అక్కడ తేలుతుంది.

గణాంకాల_మనిషి

యథాతథంగా చూసే పీరియడ్లనూ మార్పు తర్వాతి పీరియడ్లనూ ఒకే వేళలో పెట్టుకోండి. ఉదయం రెండో పీరియడ్‌ను భోజనం తర్వాతి పీరియడ్‌తో పోల్చితే మీరు కొలిచేది ఆకలినీ నిద్రనూ అవుతుంది. వచ్చిన శాతాలను సగటు తీసి వదిలేయకుండా గ్రాఫు కాగితం మీద తేదీల వారీగా చుక్కలు పెట్టండి. కొత్త చుక్కలు పాతవాటి మధ్యే పడుతుంటే మార్పు ఇంకా పనిచేయడం లేదన్నట్టే. అప్పుడు కృత్యం పేరున్న వరుస దగ్గరికి వెళ్లి, ఏ పని దగ్గర లెక్క పడిపోతోందో చూసి, దాన్నొక్కదాన్ని మార్చి మళ్లీ చూడండి.